చెవికి వెనక పేజీ ఉండదు

"ఏందమ్మాయ్, మధ్యలో ఏదో మింగావే!" అన్నారు మా అత్తగారు.

మింగిన మాట నిజమే. ఆవిడకి సీరియల్ చదివి వినిపిస్తూ, పొయ్యి మీద పప్పు గుర్తొచ్చి ఒక పేరా దాటేశాను. కథానాయిక చీర, ఆ చీర అంచు, ఆ అంచుకి నప్పిన జాకెట్టు - ఇదంతా ఉన్న పేరా. పోతే పోయిందిలే, కథకి లోటేముంది అనుకున్నాను. ఆవిడ పట్టేశారు. అంతకుముందు వాక్యంలో మేడ మెట్ల మీద ఉన్న పిల్ల తర్వాతి వాక్యంలో పెళ్ళిపందిట్లో ఉంది. "ఎట్టా వచ్చిందే? ఎగిరొచ్చిందా?" అని నిలదీశారు. నోరు మూసుకుని వెనక్కి వెళ్ళి, చీరతో సహా మొత్తం చదివాను. పప్పు అడుగంటింది.

మా అత్తగారు ఒకప్పుడు నాకంటే గట్టి పాఠకురాలు. వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చించి, గోనెసూదితో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసి పెట్టెలో దాచుకున్న తరం ఆవిడది. నా పెళ్ళినాటికి ఆ పెట్టె నిండుగా ఉంది. ఇప్పుడూ ఉంది. కానీ గ్లకోమా అని తెలిసేనాటికే ఆవిడ చూపు చాలావరకు పోయింది. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని డాక్టరు చెప్పారు. అప్పటినుంచీ ఆవిడ కళ్ళు నా నోట్లో ఉన్నాయి. నేను ఏం చదివితే అదే సాహిత్యం. ఏం మింగితే అది లేనట్టే.

ఈ సంగతి ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, నిరుడు కార్తీకమాసంలో నేనొక తప్పు చేయబోయి ఆవిడ పక్కన కూర్చున్న పుణ్యాన బయటపడ్డాను.

మా నరసరావుపేటలో కొంతమంది ఆడవాళ్ళు కలిసి ఒక చిన్న కథల పోటీ పెట్టారు. బోర్డూ బ్యానరూ ఏమీ లేవు. తలా కాస్త వేసుకుని మొదటి బహుమతికి ప్రెషర్ కుక్కరు కొన్నారు. షరతు ఒక్కటే. కథ చదివి వినిపించడం కోసం రాసినదై ఉండాలి, పది నిమిషాల్లో అయిపోవాలి. ఏ పత్రికలోనూ అచ్చవదు. నలుగురి ముందూ వినపడుతుంది, అంతే. నన్నూ ఇంకో ఇద్దర్నీ న్యాయనిర్ణేతలుగా కూర్చోబెట్టారు.

నేను పెద్దమనిషి తరహాలో పని మొదలుపెట్టాను. వచ్చిన పంతొమ్మిది కథలూ ముందుగా తెప్పించుకుని, మధ్యాహ్నం పూట తలుపేసుకుని, ఎర్రసిరా కలంతో మార్కులు వేశాను. చదివి వినిపించే కథలకి నిశ్శబ్దంగా మార్కులు వేయడమేమిటి అని ఆ క్షణాన నాకు తట్టలేదు. పెళ్ళివంట రుచి చూడమంటే వంటల జాబితా చదివి బాగుందన్నట్టుంది నేను చేసిన పని.

కాగితం మీద నేను మొదటి స్థానం ఇచ్చిన కథ నిజంగా మంచిదే. అమెరికాలో ఒక కొడుకు మంచు కురుస్తున్న కిటికీ దగ్గర నిలబడి ఊళ్ళో చనిపోయిన అన్నని తలుచుకుంటాడు. ఆ అన్న తన చిన్నప్పటి తండ్రిని తలుచుకున్న రోజు ఈ కొడుక్కి గుర్తొస్తుంది. జ్ఞాపకంలో జ్ఞాపకం. భాష చక్కగా ఉంది. చివర చిన్న కొసమెరుపు. ఎనభై ఐదు మార్కులు వేశాను.

చిట్టచివరి వరసలో పెట్టిన కథ మాచర్ల వైపునుంచి వచ్చింది. రాసినావిడ అంగన్‌వాడీ టీచరు. కథేమిటంటే, ఒక తల్లి కూతురి నర్సింగు చదువుకి ఫీజు కట్టడానికి తెల్లవారుజామున బస్సెక్కుతుంది. మిరపకాయల తొడిమలు తీసి కూడబెట్టిన కూలి డబ్బు కొంగుకి ముడేసుకుంది. మాచర్లలో బస్సు కదలగానే ముడి తడిమి చూసుకుంటుంది. రెంటచింతలలో తడిమి చూసుకుంటుంది. గురజాలలో తడిమి చూసుకుంటుంది. ఇలా ఊరు వచ్చినప్పుడల్లా అదే మాట. నేను నాలుగోసారికి విసుగెత్తి పక్కన ఎర్రసిరాతో "పునరుక్తి" అని రాశాను. మళ్ళీ వస్తే "మళ్ళీ పునరుక్తి" అని రాశాను. నా పునరుక్తి మాత్రం నాకు కనపడలేదు!

పోటీ రోజు వచ్చింది. హాల్లో అరవైమంది దాకా ఆడవాళ్ళు, చంటిపిల్లలు, వేయించిన శనగపప్పు పొట్లాలు. అత్తగార్ని తీసుకెళ్ళి నా వెనక వరసలో కూర్చోబెట్టాను.

నా ఎనభై ఐదు మార్కుల కథ ముందు వచ్చింది. చదివినావిడ స్పష్టంగానే చదివింది. అయినా రెండో నిమిషంలోనే హాలు చేజారిపోయింది. పొట్లాలు గలగలమన్నాయి. వెనకనించి అత్తగారు నా భుజం గిల్లి, "ఈ రఘు ఎవురు? పెద్దోడా, చచ్చిపోయినోడా?" అన్నారు.

అప్పుడు చూసుకున్నాను. కథలో రవి ఉన్నాడు, రఘు ఉన్నాడు, రాజు ఉన్నాడు. కాగితం మీద కన్ను వాళ్ళని విడివిడిగా గుర్తుపడుతుంది, సందేహం వస్తే పైకి పాకి చూసుకుంటుంది. చెవికి మాత్రం ముగ్గురూ ఒకటే "ర". కథ గతంలోకి వెళ్ళినచోట రచయిత్రి మూడు చుక్కలు పెట్టింది. చుక్కలు చెవికి వినపడవుగా! మంచులో ఉన్నవాడు ఉన్నట్టుండి మామిడితోటలో ఎందుకున్నాడో హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. మా అత్తగారు సీరియల్‌లో అడిగినట్టే అరవైమందీ మనసులో అడుగుతున్నారు - ఎట్టా వచ్చాడు, ఎగిరొచ్చాడా? ఆ సీరియల్ పేరా నేను మింగాను. ఈ కథలో రచయిత్రే మింగేసింది. వినేవాళ్ళకి మాత్రం జరిగింది ఒకటే.

తర్వాత కాసేపటికి అంగన్‌వాడీ టీచరు లేచింది. ఆవిడకి గొంతు నటన ఏమీ రాదు. హాజరుపట్టీ చదివినట్టు చదువుతోంది. మాచర్లలో ముడి తడిమి చూసుకుంది. రెంటచింతలలో ఎండ గురించి కండక్టరు వేసిన హాస్యానికి నవ్వి, ముడి తడిమి చూసుకుంది. గురజాలలో ఆవిడ ఆ మాట అనబోయేసరికి నా పక్కనున్న పెద్దావిడ చెయ్యి తన కొంగు మీదికి పోయింది. నేను తిరిగి చూశాను. ఒక్కావిడ కాదు, సగం హాలు చేతులు కొంగుల మీద ఉన్నాయి.

ఊరు తర్వాత ఊరు వస్తోంది, ముడి తడుముతూనే ఉంది. దారిలో పక్కసీట్లోకి ఇంకో తల్లి వచ్చి కూర్చుంటుంది. ఇద్దరూ పిల్లల చదువుల కబుర్లలో పడతారు. పిడుగురాళ్ళ వస్తుంది. బస్సు ఆగుతుంది. జనం దిగుతారు, ఎక్కుతారు. బస్సు కదులుతుంది. అంతే. ఆ మాట రాలేదు.

హాల్లో ఊపిరి ఆగిన చప్పుడు నేను విన్నాను. "ముడి!" అని ఎవరో పైకే అనేశారు. చదివే ఆవిడ కూడా ఒక్క క్షణం తలెత్తి చూసి మళ్ళీ చదవసాగింది. చివరికి డబ్బుకేమీ కాలేదు. నరసరావుపేటలో దిగి చూసుకుంటే ముడి ముడిగానే ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి దారి మధ్యలో భయం మర్చిపోయానని ఆ తల్లికి అప్పుడు తెలుస్తుంది. అదీ కథ. కొసమెరుపు లేదు, మలుపు లేదు.

నేను "పునరుక్తి" అని కొట్టేసిన వాక్యమే ఆ కథకి వెన్నెముక. అన్నిసార్లు అన్నది కాబట్టే, అనకపోయిన ఆ ఒక్కసారీ అరవైమందికీ వినపడింది. కాగితం మీద నేను చదివినప్పుడు, లేని ఆ వాక్యాన్ని గమనించనే లేదు. పైపెచ్చు "ఇక్కడ బాగుంది, పునరుక్తి లేదు" అనుకున్నాను కూడా!

ఇంటికి వచ్చాక ఇదంతా ఆలోచిస్తుంటే ఒక మాట తోచింది. కాగితం మీది కథకి వెనక పేజీ ఉంటుంది. మర్చిపోతే తిప్పి చూసుకోవచ్చు. చెవికి వెనక పేజీ ఉండదు. కాబట్టి చెవికి రాసేవాళ్ళు ఆ వెనక పేజీని కూడా కథలోనే అమర్చాలి. మళ్ళీ చెప్పడం అంటే అదే. వినేవాళ్ళకి గుర్తుండడం కోసం రచయిత పడే శ్రమ అది. మనం దాన్ని లోపం కింద జమకట్టి మార్కులు కోసేస్తున్నాం.

సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే ఈ పాఠం పల్నాటి ఆడపడుచునైన నాకు కొత్తగా తెలియడం. మాకు యాభై అరవై కిలోమీటర్లలోపే కారెంపూడి ఉంది. ఏటా కార్తీక అమావాస్య నాటినుంచి అయిదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు - రోజుకొక ఘట్టం. పన్నెండో శతాబ్దంలో గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య జరిగిన యుద్ధం కథని వీరవిద్యావంతులు కత్తీ డాలూ పట్టి, పంబ మోగిస్తూ పాడుతారు. బ్రహ్మనాయుడు చాపకూటిలో అన్ని కులాలవాళ్ళనీ ఒక్క పంక్తిన కూర్చోబెట్టిన కథ అది. దాన్ని తరతరాలుగా గొంతులో మోసుకొచ్చింది మాత్రం ఊరి బడి గుమ్మం తొక్కనివ్వని మాలపల్లెల గాయకులు.

ఆ కథ వినడానికి వచ్చే జనంలో ముగింపు తెలియనివాళ్ళు ఒక్కరైనా ఉండరు. బాలచంద్రుడు యుద్ధంలో చనిపోతాడని పాలుతాగే పిల్లాడికీ తెలుసు. అయినా బొంగరాలాట దగ్గర నవ్వుతారు, మాంచాల దగ్గర కళ్ళు తుడుచుకుంటారు. చివర ఏమవుతుందో తెలుసుకోవడానికే అయితే అక్కడికి ఎవరూ రానక్కర్లేదు. ఎలా అవుతుందో మళ్ళీ చూడడానికి వస్తారు. మన కథల పోటీలకి వచ్చే కథల్లో సగం కొసమెరుపు మీద బతుకుతాయి. కొసమెరుపు కథని రెండోసారి వినమంటే ఎవరు వింటారు చెప్పండి? చెవికథకి అసలు పరీక్ష రెండోసారి వినడమే.

ఈ పాట కాగితం మీదికీ ఎక్కింది. శ్రీనాథుడి పేరుతో ఉన్న ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో అచ్చు వేయించారు. తర్వాత జీన్ రోఘైర్ అనే అమెరికన్ పండితుడు ఇక్కడి గాయకుడి నోట విని, రికార్డు చేసి, ఇంగ్లీషులోకి మార్చి 1982లో పుస్తకంగా తెచ్చాడు. రెండూ గొప్ప పనులే. పుస్తకం లేకపోతే దూరాన ఉన్నవాళ్ళకి ఈ కథ దొరకదు. కానీ పుస్తకంలో పంబ మోగదు. గాయకుడు ఎక్కడ ఆగాడో, ఏ మాట దగ్గర జనం వైపు చూశాడో అచ్చులో ఉండదు. మా అంగన్‌వాడీ టీచరు కథకి నేను చేసిన అన్యాయం కూడా ఇలాంటిదే. రాగం వినకుండా పాటకి మార్కులు వేశాను.

బుర్రకథ సంగతి చూడండి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధాన్ని బుర్రకథగా చెప్పి ఊళ్ళకి ఊళ్ళని కట్టిపడేశాడు. 1986లో పద్మశ్రీ ఇచ్చారాయనకి. బుర్రకథలో కథకుడికి చెరోవైపు ఒక వంతగాడు ఉంటాడు. ఒకాయన హాస్యం, ఇంకొకాయన రాజకీయం. వాళ్ళున్నది వంతపాటకే అనుకుంటాం. జాగ్రత్తగా వింటే వాళ్ళ అసలు ఉద్యోగం వేరే ఉంది. కథకుడు ఒక ముక్క చెప్పగానే "ఎవరూ?" "ఎందుకూ?" "అప్పుడేమైంది?" అని అడుగుతారు. అంటే వినేవాడి నోట్లో ఉన్న సందేహాన్ని వాళ్ళు ముందే అడిగేస్తారన్నమాట. మా అత్తగారు నా భుజం గిల్లి అడిగింది ఆ ప్రశ్నే. రవి, రఘు, రాజుల కథకి ఒక వంతగాడు ఉండుంటే రెండో నిమిషంలోనే రచయిత్రిని ఆపి ఉండేవాడు.

అయితే చెవికథ అంటే పాతపాటలూ తంబురాలూనేనా, కాగితం మీది కథానికకి ఆ గుణం రాదా అని మీరడగొచ్చు. వస్తుంది. మొదటినుంచీ ఉంది. గురజాడవారి "దిద్దుబాటు" 1910లో వచ్చింది. దాన్ని ఓసారి పైకి చదివి చూడండి. తలుపు తియ్యమని అర్ధరాత్రి వీధిలోంచి వచ్చే పిలుపుతో మొదలవుతుంది, మంచం కిందినుంచి వినపడే నవ్వుతో, నగల సవ్వడితో ముగుస్తుంది. కమలిని మనకి కనపడకముందే వినపడుతుంది! ఎక్కడున్నామో, ఎవరు మాట్లాడుతున్నారో తెలియక తికమకపడే చోటు ఒక్కటీ లేదు.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారైతే చెప్పనే అక్కర్లేదు. కథ మొత్తం మాటల మీద నడిపించేస్తారు. "అరికాళ్ళ కింద మంటలు" కథలో ఇంట్లోవాళ్ళు తలా ఒక పని పురమాయిస్తూ ఆ వితంతుపిల్లని ఊపిరాడనివ్వరు. కళ్ళతో చదివితే ఆ పురమాయింపులు ఒక జాబితాలా ఉంటాయి. పైకి చదివితే మీ ఇల్లు మీకు వినపడుతుంది. అన్నివైపులనుంచీ గొంతులు మీదపడతాయి. ఆ పిల్లకి జవాబు చెప్పడానికి సందు ఎక్కడా దొరకదు. అదే ఆమె కథ. నేను మా అత్తగారికి ఇది చదివినప్పుడు ఒక్క ముక్క కూడా మింగలేదు. మింగడానికి వీలున్న ముక్క లేదు.

మరి చెవికి లొంగని కథలు తక్కువవా? అదీ కాదు. పాలగుమ్మి పద్మరాజుగారి "గాలివాన" 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక పెట్టిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. అది కాగితం మీద, అనువాదంలో గెలిచిన కథ. రావుగారి సిద్ధాంతాలు, వాటి మీద ఆయనకున్న నమ్మకం, ఆ నమ్మకం పునాదులు కదలడం - వీటిని పాఠకుడు ఒంటరిగా, తన వేగంతో, ఆగి ఆగి ఆలోచించుకోవాలి. గాలీ వానా మొదలయ్యాక చెవి కూడా కథలో పడుతుంది గానీ, అంతవరకూ అది కంటికీ మనసుకీ రాసిన కథ. దాన్ని వంటింట్లో పోపు వేస్తూ వింటే సగం జారిపోతుంది. కథలో లోపముండి కాదు, దాని బాట వేరు గనక. మంచంపట్టీ నేసేవాణ్ణి పట్టుపంచె నెయ్యలేదని తిట్టం గదా. నా తగువంతా ఒక్కటే: పోటీ చెవికి పెట్టి, కొలత మాత్రం కంటిది తీసుకోవద్దు.

పోపు అన్నాను గనక ఇంకో మాట. చెవికథ ఎవరికి కావాలి? చేతులు ఖాళీ లేనివాళ్ళకి కావాలి. మిరప కల్లాల దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్ళని చూడండి. చేతులు యంత్రాల్లా కదులుతుంటాయి, కళ్ళు మంటలెత్తుతుంటాయి, చెవులు మాత్రం ఖాళీ. అక్కడ ఎవరో ఒకరు కథ చెబుతూనే ఉంటారు. అది ఊరి కబురు కావచ్చు, చూసిన సినిమా కావచ్చు. 1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో కేంద్రం మొదలయ్యాక మధ్యతరగతి వంటిళ్ళకీ ఆ అదృష్టం పట్టింది. మా అమ్మ నాటకం వింటూనే వారానికి సరిపడా చింతపండు పిక్కలు తీసేది. పుస్తకం పట్టుకుంటే "పని మానేసి కూర్చుంది" అనే ఇళ్ళల్లో కూడా, రేడియో వింటే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. చేతులు కదులుతున్నాయి కదా! ఆడవాళ్ళు దొంగతనం చెయ్యకుండా తెచ్చుకున్న తీరిక అదొక్కటే. ఇప్పుడు ఆ పని ఫోను చేస్తోంది. మా అమ్మాయి హైదరాబాదులో ఆఫీసు బస్సులో చెవికి తగిలించుకుని కథలు వింటుంది. అమ్మమ్మ చింతపండుకీ మనవరాలి బస్సుకీ పెద్ద తేడా లేదు.

బయటిదేశాల వాళ్ళు కూడా ఇలాంటి పోటీలు పెట్టుకున్నారు. అమెరికాలో ఎన్.పి.ఆర్. అనే ప్రజా రేడియో 2009లో "మూడు నిమిషాల కథ" అని శ్రోతల దగ్గరనుంచి కథలు పిలిచింది. ఆరువందల మాటలు దాటకూడదు, మూడు నిమిషాల్లో చదవడం అయిపోవాలి. అంటే నిమిషానికి రెండువందల మాటలు. నేను గడియారం ముందుపెట్టుకుని తెలుగు కథ చదివి చూశాను. నిమిషానికి నూరు మాటలు దాటలేకపోయాను. ఇంగ్లీషులో నాలుగు మాటలయ్యేది మనం "చూడకుండానే" అని ఒక్క మాటలో కట్టేస్తాం మరి. కాబట్టి మన పది నిమిషాల కథకి వెయ్యి మాటలు చాలు. మా పోటీకి వచ్చినవాళ్ళలో చాలామంది రెండువేల మాటలు రాసి, పది నిమిషాల్లో ఇరికించాలని రైలుబండిలా పరిగెత్తించారు. వినేవాళ్ళకి ఇంజను చప్పుడే మిగిలింది.

ఇంత చెప్పినదాన్ని, ఇలాంటి పోటీలో ఉన్న ప్రమాదం కూడా చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. గొంతు బాగున్నవాళ్ళు కథ బాగులేకపోయినా నెట్టుకొచ్చేస్తారు. మా పోటీలోనే ఒకావిడకి నాటకాల అనుభవం ఉంది. క్యాన్సరు, అప్పులు, తాగుబోతు మొగుడు, అనాథ పిల్లాడు - నాలుగు కష్టాల్నీ ఒకే కథలో పోసి, గొంతు వణికిస్తూ, ఆగి, వెక్కి, చదివింది. అందరం ఏడ్చాం. నేనూ ఏడ్చాను. చప్పట్లు మోగిపోయాయి. రెండ్రోజులు పోయాక అత్తగార్ని అడిగాను, ఆ కథ ఎలా ఉందత్తయ్యా అని.

"బాగా ఏడ్చిందమ్మా ఆవిడ," అన్నారు. "ఎందుకేడ్చిందో గుర్తు లేదు."

ఇంతకంటే మంచి విమర్శ వాక్యం నేను ఈమధ్య ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అందుకని నాకు తోచినవి రెండు మాటలు, ఇలాంటి పోటీలు పెట్టాలనుకునే అక్కచెల్లెళ్ళ కోసం. ఒకటి, వీలైతే కథలన్నీ ఒక్క గొంతుతోనే చదివించండి. అప్పుడు గొంతుకీ కథకీ మార్కులు కలిసిపోవు. రెండు, న్యాయనిర్ణేతల చేతికి ముందుగా కాగితాలు ఇవ్వకండి. ముందు విననివ్వండి, తర్వాత కావాలంటే చదవనివ్వండి. ఎర్రసిరా కలం హాలు బయట, చెప్పుల దగ్గర పెట్టించండి.

రాసేవాళ్ళకి చెప్పేంత దాన్ని కాను గానీ, ఒక చిన్న చిట్కా. కథ రాశాక ఇంట్లో పనిలో ఉన్న మనిషిని ఎవరినైనా పట్టుకుని చదివి వినిపించండి. అంట్లు తోముతున్నవాళ్ళయితే మరీ మంచిది. వాళ్ళు తల తిప్పి "ఎవరూ?" అన్నచోట కథ బాగుచెయ్యండి. వాళ్ళ చెయ్యి ఆగినచోట ముట్టుకోకండి.

మా తీర్పు ఏమైందంటారా? నా మార్కుల కాగితం మడిచి సంచీలో పెట్టేసి, మిగతా ఇద్దరితో కలిసి కొత్తగా వేశాం. కుక్కరు అంగన్‌వాడీ టీచరు పట్టుకెళ్ళింది. "మీరు కాగితం మీద ఏదో రాశారంట గదమ్మా, తప్పులేమన్నా ఉంటే చెప్పండి, దిద్దుకుంటాను," అని ఆవిడ నన్ను అడిగితే, దిద్దుకోవాల్సింది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. అప్పుడు మింగిన మాట ఇప్పుడిలా కక్కుతున్నాను.

వారం తర్వాత పొద్దున్నే పాలు పోసే అమ్మాయికి మా అత్తగారు అరుగు మీద కూర్చుని ఏదో చెబుతున్నారు. తలుపు చాటున నిలబడి విన్నాను. కొంగుముడి కథ. అయితే బస్సు మాచర్లలో కాదు, ఆవిడ పుట్టిల్లు వినుకొండలో బయల్దేరింది. కూతురు నర్సు కాదు, టీచరు. రచయిత్రి పేరు పోయింది, ఊళ్ళు మారిపోయాయి, మా అత్తగారి చిన్నప్పటి చుట్టాలు ఇద్దరు ఆ బస్సులోకి ఎక్కేశారు. కానీ ఊరొచ్చినప్పుడల్లా ముడి తడిమి చూసుకుంటూనే ఉంది. ఒక్క ఊరి దగ్గర మాత్రం అత్తగారు ఆ మాట అనకుండా ఆగారు.

పాలమ్మాయి చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మరి ముడి, పెద్దమ్మా?" అంది.